బోణీ ఆకులు

బనగానపల్లెలో ఒక మామిడి మండీలో పెద్ద కాటా మూత విప్పి, లోపల కాపురం పెట్టిన చీమల్ని ఊదుతున్నాను. పక్కనే మండీ గుమాస్తా ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నాడు. "ఔనప్పా, ఆళ్లగడ్డలో ఆ కిరాణం అంగడామె. అంగట్లో కూసోని ఆకులాడుకుంటా ఉంటాది చూడు, ఆయమ్మే. పోయిన వారం పోయిందంట." ఆళ్లగడ్డలో కిరాణం అంగళ్ళు బోలెడు. గల్లాపెట్టె ముందు కూర్చుని ఆకులు, అంటే కార్డులు, ఆడే ఆడమనిషి మాత్రం ఒక్కతే. ఆ కాటా మళ్ళీ ఎలా బిగించానో నాకు గుర్తు లేదు. సాయంత్రం మండీవాళ్ళే ఫోన్ చేసి, తూకం తేడాగా చూపిస్తోందని తిట్టారు. మరునాడు పోయి సరిచేసి వచ్చాను.

నాది నంద్యాల. ఎలక్ట్రానిక్ కాటాలు బాగుచేయడం నా బతుకుతెరువు. చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరి కాటా మొండికేసినా నాకు ఫోన్ వస్తుంది. ఇది కాక నాకింకో వ్యాపకం ఉంది, ముప్పై అయిదేళ్ళ మగవాడికి ఉండకూడని వ్యాపకమని మా ఆవిడ అభిప్రాయం. బొమ్మల కార్డుల ఆట. పేకాట కాదు. పేకాటలో అందరికీ కలిపి ఒకే కట్ట, ఇందులో ఎవరి కట్ట వాళ్ళు తయారు చేసుకుని తెచ్చుకోవాలి. ప్యాకెట్లలో దొరికే వందల రకాల కార్డుల్లోంచి నలభై ఏరుకుంటాం. నీళ్ళ కార్డులుంటాయి, ఒకసారి పరిస్తే ప్రతి వంతుకూ పనికొస్తాయి, ఆ నీళ్ళతో జంతువుల్ని దింపుతాం, ఆ జంతువులు ఎదుటివాడి ఇరవై ప్రాణాలు తీస్తాయి. ప్రాణాలు పోయినా ఓటమే, కట్టలో తీయడానికి కార్డు మిగలకపోయినా ఓటమే.

నంద్యాలలో ఆడే పాతిక మందిలో ఇరవై మందివి నిప్పు పులుల కట్టలు. పులులు బిరబిరా దిగుతాయి, బిరబిరా కరుస్తాయి, పది నిమిషాల్లో ఆట ముగిసిపోతుంది. నావి తాబేళ్ళు. తాబేలు ఎవర్నీ కరవదు, అడ్డం పడుకుంటుంది. నేను అలా అడ్డం పెట్టుకుంటూ, మధ్యమధ్యలో వరద కార్డు వేసి ఎదుటివాడి కట్టను కొంచెం కొంచెంగా కొట్టుకుపోయేలా చేస్తాను. కట్ట అయిపోతే వాడు ఓడిపోవాలి. కాగితం మీద బ్రహ్మాండమైన ఆలోచన. బల్ల మీద మాత్రం నాలుగేళ్ళలో ఒక్క పోటీలోనూ రెండో ఆట దాటలేదు. నన్ను తాబేళ్ళన్న అని పిలిచేవాళ్ళు. నవ్వుతూ పలికేవాణ్ణి గాని లోపల మండేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఈ తాబేళ్ళతోనే గెలిచి వాళ్ళ నోళ్ళు మూయించాలని ఉండేది.

ఆమె అంగడికి మొదటిసారి వెళ్ళింది కాటా కోసమే. యాభై దాటిన మనిషి. కళ్ళద్దాలకు తాడు, సిగలో పెన్సిలు, ముక్కుకు రెండువైపులా ముక్కుపుడకలు. కాటా తెరవగానే స్టూలు ఇటు జరుపుకుని తల లోపలికి పెట్టింది.

"ఇదేంది, ఈ ఇనప తునకా?"

"దాని మీదే బరువు పడ్తాదక్కా."

"పడితే?"

"కొంచెం వంగుతాది. ఆ వంగేదాన్ని ఈ బోర్డు లెక్కగట్టి చెప్తాది."

"ఇనుము వంగుతాదా, పావు కిలో చక్కెరకు?"

"కంటికి కనపడదు. వంగుతాది."

ఆమె బెల్లం ముక్క ఒకటి తెచ్చి ఆ ఇనుము మీద పెట్టి, తీసి, పెట్టి, తీసి చూసింది. పదకొండేళ్ళుగా కాటాలు విప్పుతున్నాను, లోపల ఏముందని అడిగిన యజమాని ఆమె ఒక్కతే. మిగతావాళ్ళందరూ ఎంతసేపు పడుతుందని అడుగుతారు.

సంచిలోంచి స్క్రూడ్రైవరు తీస్తుంటే నా తాబేళ్ళ కట్ట జారి కింద పడింది. సిగ్గుపడి గబగబా ఏరుకుంటున్నాను. ఆమె వంగి ఒక కార్డు తీసి అద్దాల దగ్గరికి పెట్టుకుంది. "ఇది నా దగ్గర మూడుండాయ్" అంది. చూస్తే, అంగడి ముందు షాంపూ సాషేల పక్కన ఈ కార్డుల ప్యాకెట్ల దండ ఒకటి వేలాడుతోంది. కొన్నాళ్ళు పిల్లలు ఎగబడి కొన్నారట, తర్వాత మోజు తీరిపోయింది. సరుకిచ్చినవాడు వెనక్కి తీసుకోనన్నాడు. అమ్ముడుపోని సరుకు ఎందుకు అమ్ముడుపోవడం లేదో చూడాలని ఆమె ఒక్కో ప్యాకెట్టూ విప్పింది. అందులో రూలు పుస్తకం దొరికింది. పదో తరగతి ఇంగ్లీషుతో, పెన్సిలుతో గీతలు గీసుకుంటూ రెండు నెలలు చదివింది.

ఎవరితో ఆడతావక్కా అంటే రెండు చేతులూ చూపించింది. కుడిచేతికి ఒక కట్ట, ఎడమచేతికి ఒక కట్ట. "ఎక్కువసార్లు ఎడంచెయ్యే గెలుస్తాది. దొంగది అది" అని ఆ చేతి మీద చిన్నగా చరిచింది.

ఆ తర్వాత ఆళ్లగడ్డ వైపు ఏ పని పడినా ఆ అంగడి మెట్లెక్కకుండా వచ్చేవాణ్ణి కాదు. లోపలి గోడవార కుర్చీలో ఆమె భర్త శెట్టి ఎప్పుడూ పేపరు చదువుతూ ఉండేవాడు. పేపరు దించకుండానే గొణిగేవాడు. "పేకాటంగడి అని పేరొచ్చింది. మా తాత కాలం నుంచి ఇది కిరాణం అంగడి." ఒకరోజు నిజంగానే కానిస్టేబుల్ ఒకాయన వచ్చాడు. బల్ల మీద పరిచిన కార్డుల్ని చూసి లాఠీతో ఒకదాన్ని జరిపి, "ఏందమ్మా ఇది?" అన్నాడు. "కప్ప" అంది ఆమె. ఆయన ఒంగి చూశాడు. కప్పే. కాసేపు నిలబడి, కందిపప్పు కొనుక్కుని వెళ్ళిపోయాడు. శెట్టి పేపరు వెనక కుర్చీ చాలాసేపు కదిలింది, నవ్వుకో కోపానికో తెలియలేదు.

కార్డు తిప్పడంలో ఆమెకొక పద్ధతి ఉండేది. బొటనవేలు చీర చెంగుకు తుడుచుకుని, కార్డు అంచు పట్టుకుని, కొంచెం పైకెత్తి ఆగేది. ఏమై ఉంటుందా అని కళ్ళు చిన్నవి చేసేది. అప్పుడే ఎవరో వచ్చి పావు కిలో చక్కెర అంటే కార్డు బోర్లా పెట్టి, చక్కెర కట్టిచ్చి, చేతులు తుడుచుకుని, మళ్ళీ మొదటి నుంచీ అదే తంతు. పక్కన కూర్చున్న నాకు ప్రాణం విసిగిపోయేది. గెలుపోటములు ఆమెకు పట్టేవి కావు. నేను పోటీకి పోయి వచ్చానంటే, గెలిచినావా అని ఒక్కనాడూ అడగలేదు. ఒకటే ప్రశ్న: "ఏం వచ్చినాయ్ బోణీకి?"

బోణీ అంటే ఆమె లెక్కలో మొదట చేతికొచ్చే ఏడు ఆకులు. కార్డుల్ని ఆకులనే అనేది.

కిందటేడు దసరా సెలవుల్లో నంద్యాలలో పోటీ అని తెలియగానే కట్ట తీసుకుని ఆమె దగ్గరికి పోయాను. "దీన్ని దిద్దియ్యాలక్కా" అన్నాను. ఆమె నలభై కార్డులూ బల్ల మీద పరిచి, కందిపప్పులో రాళ్ళేరే చూపుతో చూసింది. తర్వాత రెండు కుప్పలు చేసింది.

"ఇవి ఉప్పు. ఇవి టపాకాయలు" అంది.

"అంటే?"

"ఉప్పు రోజూ అమ్ముడుపోతాది. టపాకాయలు దీపావళికే. నీ అంగట్లో ఉప్పు తక్కువ, టపాకాయలు ఎక్కువ. అట్లయితే అంగడి నడుస్తాదాప్పా?"

నా ప్రాణం లాంటి మెరుపు తాబేళ్ళు నాలుగూ టపాకాయల కుప్పలో ఉన్నాయి. ఒక్కోదాన్ని దింపాలంటే ఏడు నీళ్ళు కావాలి. ఏడు నీళ్ళు సమకూరేలోపు పులులు నన్ను నమిలేసేవి. అయినా వాటి మెరుపు చూసుకుని మురిసిపోయేవాణ్ణి. మూడు తీసి పక్కన పెట్టింది. వాదించాను. అవే నా కట్టకు అందమన్నాను. "ఒకటుంచినా గదా, అందానికి" అంది. ఆ కుప్పలో మరికొన్నీ తీసేసి, వాటి బదులు పిల్ల తాబేళ్ళు, చెలమలు పెట్టింది. చెలమంటే చిన్న నీళ్ళ కార్డు. ఆ తర్వాత తన డబ్బాలోంచి నాలుగు కప్పల్ని తీసింది.

నాకు నవ్వొచ్చింది. ఆ ఆటలో కప్పంత పనికిమాలిన కార్డు లేదు. కరవదు, అడ్డం పడదు. దింపినప్పుడు నీ కట్టలో పైనున్న కార్డును ఒకసారి చూడనిస్తుంది, నచ్చకపోతే అడుక్కి తోసేయనిస్తుంది. అంతే. ప్యాకెట్లో కప్ప వస్తే పిల్లలు అంగడి ముందే పారేసి పోయేవాళ్ళు. ఆమె వాటిని ఏరి తుడిచి దాచుకునేది.

"కప్పలెందుకక్కా?"

"చూడనిస్తాది గదా. ఏముండాదో తెలియకుండా ఎట్లుంటావప్పా నువ్వు?"

చివరికి కట్ట నా చేతిలో పెడుతూ ఒక షరతు పెట్టింది. ఈ ఆటలో మొదటి ఏడూ నచ్చకపోతే వాటిని కట్టలో కలిపేసి, ఒకటి తక్కువగా ఆరు తీసుకోవచ్చు. రూలు పుస్తకంలోనే ఉంది, అందరూ చేసేదే. ఆమె మాత్రం చచ్చినా చేసేది కాదు. "బోణీ తిప్పి పంపరాదు" అనేది. అంగట్లోనూ అంతే. పొద్దున్నే వచ్చిన మొదటి మనిషి అగ్గిపెట్టె అడిగినా, అంగట్లో లేనిదేదో అడిగినా, లేదని పంపేది కాదు. ఒకసారి నా కళ్ళ ముందే ఒకామె కుంకుమపువ్వు అడిగితే, మాటల్లో పెట్టి యాలకులు అమ్మి పంపింది.

"నేను దిద్దింది అట్ల ఆడేదానికే. ఏ ఏడొచ్చినా ఏదో ఒక దోవ ఉండేట్లు పెట్టినా. నువ్వు తిప్పి పంపేవాడివైతే నాకు పని చెప్పొద్దు."

"పంపను" అన్నాను.

"మాటేనా?"

"మాటేనక్కా."

పోటీ నంద్యాలలో ఒక బేకరీ మీది హాల్లో. పదహారు మందిమి. ఆమె వస్తుందని నేననుకోలేదు. శెట్టికి అంగడి అప్పగించి, పొద్దున్నే బస్సెక్కి వచ్చింది. సరుకులకో, పెళ్ళికో, ఆసుపత్రికో తప్ప నంద్యాలకు రావడం ఇదే మొదటిసారని తనే చెప్పింది. నా వెనక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. పదిమంది కాలేజీ పిల్లల మధ్య ఆ మనిషిని అందరూ వింతగా చూశారు. ఆమె వాళ్ళను అంతకన్నా వింతగా చూసింది.

మొదటి ఆట గెలిచాను. రెండోదీ గెలిచాను. మూడో ఆటలో ఎదుటివాడి కట్ట అయిపోయి, తీయడానికి కార్డు లేక వాడు బల్ల వైపు చూస్తూ ఉండిపోయినప్పుడు హాలంతా నా వెనక మూగింది. ఇక ఆఖరి ఆట. ఇంజనీరింగ్ చదివే ఒక అమ్మాయి, నిప్పు పులులు. ఏడు కార్డులు తీశాను. ఒక చెలమ. మూడు కప్పలు. రెండు పిల్ల తాబేళ్ళు. ఆ ఒక్క మెరుపు తాబేలు. నీళ్ళు ఒక్కటంటే ఒక్కటి, చేతి నిండా కప్పలు.

"మారుస్తారా అన్నా?" అని అడిగాడు పోటీ నడిపే కుర్రాడు.

నాలుగేళ్ళ నవ్వులన్నీ గుర్తొచ్చాయి. ఇంత దగ్గరికొచ్చి కప్పలతో ఓడిపోతే ఇక తాబేళ్ళన్న కాదు, కప్పలన్న అంటారు. వెనక కుర్చీ చిన్నగా కిర్రుమంది. నేను వెనక్కి చూడలేదు. మారుస్తానని చెప్పి ఏడింటినీ కట్టలో కలిపేశాను.

కొత్తగా వచ్చిన ఆరూ ముచ్చటగా ఉన్నాయి. మూడు నీళ్ళు, రెండు తాబేళ్ళు, ఒక వరద. ఆ తర్వాత నేను తీసినవన్నీ నీళ్ళే. ఆ రెండూ అయ్యాక దింపడానికి ఇంకో తాబేలు లేదు, చేతిలో మాత్రం ఒక చెరువు. పులులు వచ్చి వాటి పని అవి చేసుకుపోయాయి.

బస్టాండు దాకా నడుచుకుంటూ వెళ్ళాం. ఆమె తిట్టి ఉంటే తేలికపడేవాణ్ణి. బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక, నా వైపు కాదు, ఎటో చూస్తూ అంది: "ఏమయ్యేవో ఆ ఏడూ."

మూడు వారాలు ఆళ్లగడ్డ ముఖం చూడలేదు. అటువైపు పిలుపులొస్తే వెలుగోడులో పనుందని అబద్ధాలు చెప్పాను. చివరికి ఆమే ఫోన్ చేసి కాటా సతాయిస్తోందంది. పోయి చూస్తే కాటా శుభ్రంగా ఉంది. బల్ల మీద ఆ ఏడు కార్డులూ వరసగా పేర్చి ఉన్నాయి. నా భుజం మీంచి ఒక్క చూపు చూసిందంతే, ఒక్కటీ మర్చిపోలేదు.

"కూసో. నువ్వు పులులాడు" అంది.

ఆడాను. ఆ ఒక్క చెలమతో వంతుకో కప్పను దింపింది. దింపినప్పుడల్లా కట్ట పైకార్డు చూసింది. నీళ్ళైతే ఉంచింది, కాకపోతే అడుక్కి తోసింది. నాలుగో వంతుకల్లా నాలుగు నీళ్ళు, రెండు పిల్ల తాబేళ్ళు బల్ల మీదున్నాయి. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

"నీళ్ళు కరువైన బోణీ వస్తే ఎట్లని, ఆ ఒక్కదానికోసమే కప్పల్ని పెట్టినా" అంది.

ఆ పూట ఆ ఏడింటితోనే అయిదారుసార్లు ఆడాం. ఆమె కొన్నిసార్లు గెలిచింది, కొన్నిసార్లు పులులే గెలిచాయి. నాకు సిగ్గుతో తలెత్తబుద్ధి కాలేదు. "తప్పయిందక్కా. ఆరోజు ఉంచుకునుంటే గెలిచేవాణ్ణేమో" అన్నాను.

"గెలుస్తావని నేను ఎప్పుడంటి? చూసేవాళ్ళం గదా. దానికోసం గదప్పా బస్సెక్కి వచ్చింది నేను."

"ఇంకోసారి అట్ల చేయనక్కా."

"నాకెందుకు చెప్తావ్, ఆకులకు చెప్పుకో" అని, కార్డులన్నీ ఒకచోట చేర్చి కలపడం మొదలుపెట్టింది.

మామిడికాయల కాలంలో ఆమె పోయింది. కబురు తెలిసిన మూడో రోజు అంగడికి వెళ్ళాను. స్టూలు మీద ఎవరూ లేరు. గోడకు ఫోటో, దండ. శెట్టి కుర్చీలోనే ఉన్నాడు. "కాటా బాగనే ఉండాది" అన్నాడు. దానికోసం రాలేదన్నాను. తలూపి పేపరెత్తుకున్నాడు. ప్యాకెట్ల దండ షాంపూల పక్కన అలాగే వేలాడుతోంది. ఆయనకు ఆ ఆట గురించి చెప్పుకోలేను, వేరే మాటలు మాకు లేవు. కాసేపు నిలబడి వచ్చేశాను. బస్సులో చాలా దూరం ఏడ్చాను. ఒక కిరాణం అంగడామె కోసం ఇంత ఏడుపేమిటని పక్క సీటాయనకు అనుమానం వచ్చినట్టుంది, శ్రీశైలం ప్రసాదం పెట్టాడు.

మొన్న దసరాకు అదే బేకరీ మీద మళ్ళీ పోటీ. కట్టలో ఒక్క కార్డు కూడా మార్చలేదు. మొదటి ఆటకే ఒక బ్యాంకు గుమాస్తా ఎదురయ్యాడు. ఏడూ తీశాను. మూడు వరదలు, రెండు నడి సైజు తాబేళ్ళు, మెరుపు తాబేలు, ఒక కప్ప. నీళ్ళు లేనే లేవు. కప్పను దింపడానికైనా ఒక్క చుక్క ఉండాలి. ఇంత దరిద్రపు చెయ్యి నాలాంటి దరిద్రుడికి కూడా ఎప్పుడూ రాలేదు.

"మార్చుకోండి అన్నా" అన్నాడు పోటీ నడిపే కుర్రాడు, జాలిపడి.

"ఉండనీప్పా" అన్నాను.

మూడో వంతు దాకా నీళ్ళు రాలేదు. ఆయన పులులు నా తొమ్మిది ప్రాణాలు తీసేశాయి. నాలుగో వంతులో బొటనవేలు చొక్కాకు తుడుచుకుని, కార్డు కొంచెం పైకెత్తి ఆగాను. ఎదుటాయన విసుక్కున్నాడు. చెలమ. దాంతో కప్పను దింపాను, కప్ప ఇంకో చెలమను చూపించింది. అక్కడి నుంచి ఆట ఎక్కడెక్కడికో పోయింది. నా చివరి ప్రాణం పోయేసరికి ఆయన కట్టలో రెండే కార్డులు మిగిలున్నాయి. ఓడిపోయాను. మొదటి ఆటలోనే ఇంటి ముఖం పట్టాను. కానీ ఏమవుతుందో చూశాను. అది చెప్పడానికి ఒక్క మనిషి కావాలనిపించింది.

మరునాడు తెల్లారగానే ఆళ్లగడ్డ బస్సెక్కాను. ఎందుకెళ్తున్నానో మా ఆవిడకు చెప్పలేదు, నాకే సరిగ్గా తెలియదు. శెట్టి అప్పుడే తలుపులు తీసి, నీళ్ళు చల్లి కూర్చున్నాడు. ఈసారి గోడవార కుర్చీలో కాదు, ఆమె స్టూలు మీద.

"ఏం కావాలప్పా? ఇంకా బోణీ కాల్యా."

"ఉప్పు ప్యాకెట్టన్నా."

ఇచ్చాడు. తీసుకుని కదలకుండా నిలబడ్డాను. శెట్టి పేపరు తెరిచి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి దాని వెనకనుంచి అడిగాడు.

"నిన్న నంద్యాలలో దసరా పోటీ గదా. ఏం వచ్చినాయ్ బోణీకి?"

"నీళ్ళు ఒక్కటి కూడా రాలేదన్నా" అన్నాను.

శెట్టి పేపరు మడిచి పక్కన పెట్టాడు.

"కప్పలెన్ని?" అన్నాడు.